ముప్ఫై ఏళ్లకే నడుం కొలవండి

ఉద్యోగం వచ్చి, పెళ్లయి, రెండేళ్లు తిరిగేసరికి మన ఇళ్లలో కుర్రాళ్ల చొక్కాలు పొట్ట దగ్గర బిగుస్తాయి. అది చూసి పెద్దవాళ్లు సంతోషిస్తారు. "కాస్త ఒళ్లు చేశావురా, ఇప్పుడు నిండుగా ఉన్నావు" అంటుంది అమ్మమ్మ. మా అమ్మాయి చేతి వంట పడిందని అత్తగారు మురిసిపోతుంది. తిండికి కటకటలాడిన రోజులు చూసిన తరం అది, వాళ్ల సంతోషాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ పొట్ట అక్కడితో ఆగదు. ఏడాదికి ఒక్క కిలో పెరిగితే ఎవరి కంటికీ ఆనదు. పదిహేనేళ్లకు అది పదిహేను కిలోలు. నలభై అయిదో ఏట మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు అనిపించిన రోజున ఆసుపత్రికి పరిగెత్తుతాం, యాంజియోగ్రామ్ తీయించుకుంటాం, స్టెంటు వేయించుకుంటాం. జబ్బును తేలిగ్గా ఆపగలిగిన కాలం మాత్రం ఆ ముందరి పదిహేనేళ్లే. ఈ అధ్యాయం వాటి గురించి.

గుండెపోటు నిమిషాల్లో వస్తుంది. దాన్ని తెచ్చే జబ్బు ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షించిన సైనిక వైద్యులు 1953లో తాము చూసింది ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22. యుద్ధానికి పనికొస్తారని ఎంపికైన పడుచువాళ్లు. వాళ్లలో 77 శాతం మందికి గుండె రక్తనాళాల్లో అప్పటికే ఎంతో కొంత జబ్బు ఆనవాళ్లు ఉన్నాయి. 1973లో లూసియానా రాష్ట్రంలోని బోగలూసా అనే ఊళ్లో పిల్లల మీద మొదలైన అధ్యయనం ఇంకా చిన్న వయసుకు వెళ్లి చూసింది. రక్తనాళాల గోడల్లో కొవ్వు చారలు బడి ఈడులోనే పడుతున్నాయి. బరువు, రక్తపోటు, కొలెస్ట్రాల్ ఎక్కువున్న పిల్లల్లో ఆ చారలు మరీ ఎక్కువ.

మనకైతే గడువు ఇంకా తక్కువ. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్లకు వస్తే, మిగతా ప్రాంతాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వచ్చింది. అదే అధ్యయనం ఒక ధైర్యాన్నీ ఇచ్చింది. మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది అంశాలే లెక్క చెబుతాయని తేల్చింది. పొగాకు, చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు చాలినంత తినకపోవడం, ఒళ్లు కదలకపోవడం అందులోవే. "మా నాన్నకు వచ్చింది కాబట్టి నాకూ వస్తుంది" అని చేతులెత్తేసేవాళ్లు ఈ జాబితాను ఒకటికి రెండుసార్లు చదవాలి. వంశంలో జబ్బు ఉండడం నిజమైన ముప్పే. అయితే అది పదేళ్లు ముందుగా జాగ్రత్తపడమని చెప్పే సమాచారం. లొంగిపోమని చెప్పే తీర్పు కాదు.

సన్నగా కనిపించే లావు

"నేను లావుగా లేను కదా" అని ఇక్కడ పుస్తకం మూయకండి. ఈ మాట మన వాళ్ల విషయంలో తరచూ పొరపాటు అవుతుంది.

పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. పక్కపక్కనే నిలబడిన ఇద్దరు నడివయసు డాక్టర్లు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. చార్టులో చూస్తే ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తే మనిషి, యాజ్ఞిక్ తక్కువ బరువుతో పుట్టిన మనిషి అన్న సంగతి కూడా ఆ వ్యాసంలోనే రాసుకున్నారు. యాజ్ఞిక్ బృందం పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పసికందులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పసికందులతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్ల పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తగ్గింది, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే తక్కువ కండ, ఎక్కువ కొవ్వు అనే తీరు మనలో చాలామందికి తల్లి కడుపులోనే మొదలవుతోంది.

అందుకే ప్రపంచం మొత్తానికి బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని గీత గీసుకుంటే, భారతీయుల కోసం మన వైద్య నిపుణులు 2009లో ఆ గీతలను 23కూ 25కూ దించారు. నడుం చుట్టుకొలతకు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. అంగుళాల్లో చెప్పాలంటే సుమారు ముప్ఫై అయిదున్నర, ముప్ఫై ఒకటిన్నర. నన్నడిగితే బీఎంఐ లెక్క రాకపోయినా ఫరవాలేదు, ఈ రెండు అంకెలు మాత్రం ఇంటింటా గుర్తుండాలి.

నడుం మీదే ఇంత పట్టు ఎందుకంటే, కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది గుండెకు ముఖ్యం. తొడల మీద, పిరుదుల మీద చర్మం కింద ఉండే కొవ్వు పెద్దగా కీడు చేయదు. పేగుల చుట్టూ, కాలేయం లోపల పేరుకునే కొవ్వు ఊరికే ఉండదు. దాని నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి వచ్చే రక్తనాళం గుండా నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయం వాటితో ట్రైగ్లిజరైడ్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. చెడు కొలెస్ట్రాల్ రేణువులు చిన్నగా, చిక్కగా మారతాయి. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తుంది, దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ ఊరించాల్సి వస్తుంది. మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, బీపీ పెరుగుతుంది. ఒంట్లో సన్నని వాపు నిత్యం రగులుతూ రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మూడు వేర్వేరు జబ్బులుగా మూడు మాత్రలుగా మన చేతికి వస్తాయి గానీ, చాలామందిలో ఆ మూడింటినీ పెంచే మూలాల్లో పొట్ట ముఖ్యమైనది.

పొట్ట స్కానింగు రిపోర్టులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని రాసి ఉంటే, "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే" అని పక్కన పడేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. కాలేయంలో కొవ్వు చేరిందంటే పైన చెప్పిన వరస మొదలైపోయిందని అర్థం. ఆ దశలో బరువు తగ్గితే కాలేయం చాలావరకు మామూలవుతుంది కూడా.

ఇప్పుడు కొలవడం. దర్జీ టేపు తీసుకోండి. పక్కటెముకల చివరి అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, బట్ట మీద కాకుండా ఒంటి మీదే, టేపు నేలకు సమాంతరంగా చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలి చదవండి, పొట్ట లోపలికి లాగకండి. ప్యాంటు సైజును నమ్మకండి. పదేళ్లుగా నాది 34 సైజే అని చెప్పేవాళ్లలో చాలామందికి ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది, సైజు మారదు, పొట్ట మారుతుంది. చీర, నైటీ, నాడా ఉన్న చుడీదారు, లుంగీ ఇవేవీ బిగుసుకుని మనకు హెచ్చరిక చేయవు. టేపు ఒక్కటే చెప్పగలదు. ఎత్తులో సగం దాటకుండా నడుం ఉందా అన్నది మరో తేలిక లెక్క.

నెల సరుకుల చీటీ

ఏం తినాలి, ఏం మానాలి అని రోజుకో వీడియో వస్తోంది. ఒకరు నెయ్యి మహాభాగ్యం అంటారు, ఒకరు బియ్యం విషం అంటారు. నా సలహా వేరు. కంచం దగ్గర కాదు, నెల సరుకుల చీటీ దగ్గర మొదలుపెట్టండి. కంచంలో ఎంత పడిందో ఎవరూ లెక్కపెట్టలేరు, ఇంటికి ఎంత వచ్చిందో అందరూ చెప్పగలరు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసింది. పెద్దగా శారీరక శ్రమ లేని మనిషికి రోజుకు 2000 కేలరీల లెక్కన ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, నూనె సుమారు 27 గ్రాములు. చక్కెర 25 గ్రాములకు, ఉప్పు 5 గ్రాములకు మించకూడదు. ఇవన్నీ వండకముందు తూకాలు. వీటిని నలుగురు పెద్దవాళ్లున్న ఇంటి నెల లెక్కలోకి మార్చి చూడండి.

నూనె: నెలకు మూడు కిలోల పైచిలుకు. లీటరు ప్యాకెట్‌లో ఉండేది దాదాపు 910 గ్రాములు కాబట్టి మూడున్నర ప్యాకెట్లు. మన ఇళ్లలో అయిదు, ఆరు ప్యాకెట్లు తెచ్చి, మళ్లీ బయట బజ్జీలు, బిర్యానీ తినడం మామూలైపోయింది. ఏ నూనె మంచిదని అడిగేవాళ్లు ఎక్కువ, ఎంత పోస్తున్నామని అడిగేవాళ్లు తక్కువ. పల్లీ నూనె కావచ్చు, నువ్వుల నూనె కావచ్చు, గానుగ నూనె కావచ్చు, గ్రాముకు తొమ్మిది కేలరీలే. రకాలు మార్చి మార్చి వాడుకోండి, మూకుడులో మిగిలిన నూనెలో మళ్లీ వేయించకండి, సాయంత్రం బండి మీద పునుగుల్లో ఆ నూనె ఎన్నోసారి కాగుతోందో మీకు తెలియదు కాబట్టి అక్కడ తినడం వారానికి ఒకసారికి తగ్గించుకోండి.

బియ్యం, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమ పిండి అన్నీ కలిపి నెలకు 30 కిలోలు. అంటే 26 కిలోల బియ్యం బస్తా ఒక్కటే నెలలో అయిపోయి, పైన రవ్వ, పిండి కూడా వస్తున్నాయంటే ధాన్యం దారి తప్పింది. అన్నం మానమని నేను చెప్పను, మన ఒంటికీ మనసుకూ అది అలవాటైన తిండి. కానీ పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉప్మా, రాత్రి మళ్లీ అన్నం అయితే నాలుగు పూటలా ఒకే పిండిపదార్థం. కంచంలో ముందు కూర, పప్పు పడాలి, అవి సగానికి పైగా ఆక్రమించాక అన్నం పెట్టుకోవాలి. కందిపప్పు, పెసరపప్పు, శనగలు, గుడ్డు, చేప, పెరుగు వీటిలో ఏదో ఒకటి లేని పూట ఉండకూడదు. ఉప్మా బదులు పెసరట్టు వేసుకుంటే పొద్దున పూటే మేలు జరుగుతుంది, నూనె గరిటె చూసుకోవాలి అంతే. కొర్రలు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ. కొర్రన్నం కూడా కుప్పగా పెట్టుకుని తింటే మాత్రం నడుం తగ్గదు.

చక్కెర నెలకు ఎక్కువలో ఎక్కువ మూడు కిలోలు. అందులోనే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, పుట్టినరోజు కేకులు, పండగ మిఠాయిలు కూడా ఉన్నాయి కాబట్టి డబ్బాలోకి రావలసింది ఒకటిన్నర కిలో దాటకూడదు. ఒకటిన్నర చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఉప్పు 600 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ నెలన్నర రావాలి, అదీ ఆవకాయ, అప్పడాలు, వడియాలతో కలిపి. బీపీ ఉన్న ఇంట్లో పచ్చడి ప్రతి పూటా కాకుండా ఆదివారానికి మారితే డాక్టరుకు తేడా కనిపిస్తుంది.

తగ్గించడమే కాదు, పెంచాల్సినదీ ఆ చీటీలోనే ఉంది. నలుగురికి రోజుకు ఒక కిలోన్నర కూరగాయలు, ఆకుకూరలు కావాలి. చాలా ఇళ్లలో ముప్పావు కిలోతో సరిపెడుతున్నారు. నూనె, చక్కెర, బిస్కెట్ల మీద మిగిలిన డబ్బును రైతుబజారులో పెట్టండి.

కూర్చునేవాళ్లు, మెట్లెక్కేవాళ్లు

లండన్‌లో రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుని ఉండేవాడు, కండక్టరు టికెట్ల కోసం పైకీ కిందికీ వందల మెట్లు ఎక్కి దిగేవాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే రకం జీవితం. డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం 1953లో వాళ్ల ఆరోగ్య రికార్డులు పోల్చి, డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని చూపింది. 1956లో ఇంకో పని చేశారు. సంస్థ కుట్టించిన యూనిఫారం ప్యాంట్ల నడుం కొలతలు తీసి చూశారు. డ్రైవర్ల నడుమే లావు. అయితే సన్నగా ఉన్నవాళ్లలోనూ, లావుగా ఉన్నవాళ్లలోనూ విడివిడిగా చూసినా గుండెజబ్బుతో హఠాత్తుగా చనిపోవడం కండక్టర్లలో తక్కువే. ఒళ్లు కదిలితే వచ్చే మేలు బరువు తగ్గినా తగ్గకపోయినా దక్కుతుందని దీని సారం. బరువు కాటా కదలడం లేదని నడక మానేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా వేగంగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే వేగం. రోజుకు అరగంట వీలుకాకపోతే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినా లెక్కలోకి వస్తుంది, తిన్న తర్వాత పెరిగే షుగరు కూడా తగ్గుతుంది. మనకు పుట్టుకతోనే కండ తక్కువ కాబట్టి వారానికి రెండు రోజులు కండకు పని చెప్పడం నడకంత ముఖ్యం. గుంజీలు, గోడకు చేతులు ఆన్చి చేసే దండీలు, నీళ్ల బిందెలు మోయడం, ఏదైనా సరే.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 24 శాతం స్త్రీలు అధిక బరువుతో ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం ఉన్నారు. అదీ బీఎంఐ 25 గీతతో చూస్తే. "ఇంటి పనే నాకు వ్యాయామం" అంటారు. ఇంటి పని అలసట తెస్తుంది గానీ గుండె వేగాన్ని పెంచి నిలిపేంత కదలిక చాలామందికి అందులో దొరకదు. ఆమె పొద్దున ఆరున్నరకు నడకకు వెళ్లాలంటే ఆ గంట క్యారేజీలు ఎవరు కట్టాలి? ఈ ప్రశ్నకు ఇంట్లో మగవాళ్లు, ఎదిగిన పిల్లలు జవాబు చెప్పకుండా అమ్మకు ఆరోగ్య సలహాలు ఇవ్వడం అన్యాయం. గర్భంతో ఉన్నప్పుడు షుగరు గానీ బీపీ గానీ వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువ. కాన్పు అయ్యాక తగ్గిపోయిందని మరిచిపోకుండా ఏటా పరీక్షలు చేయించుకోవాలి.

పొగాకు గురించి ఒక్క మాట చాలు. సిగరెట్టు, బీడీ, గుట్కా మానకుండా మిగతావి ఎన్ని చేసినా సగం మేలు పోతుంది.

ఎంత తగ్గితే చాలు? 80 కిలోల మనిషి 60కి రావాలని బెంగపెట్టుకోనక్కర్లేదు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో షుగరు అంచున ఉన్నవాళ్లకు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెడితే షుగరు జబ్బు రావడం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మన వాళ్ల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు బరువు పెద్దగా తగ్గకపోయినా షుగరు ముప్పు 28.5 శాతం తగ్గింది. కాబట్టి మొదటి ఆరు నెలలకు నాలుగైదు కిలోలు, నడుం రెండు అంగుళాలు తగ్గడం మంచి లక్ష్యం. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులు, పానీయాల జోలికి వెళ్లకండి. సెమాగ్లుటైడ్ వంటి కొత్త ఇంజెక్షన్లు నిజంగా పనిచేస్తున్నాయి, అవసరమైనవాళ్లకు అవి వరమే. అయితే అవి డాక్టరు చేతిలో ఉండాల్సిన మందులు, ఆపేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. డాక్టరు బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రాసిస్తే నడక మొదలుపెట్టాను కదా అని సొంతంగా ఆపకండి.

కొలెస్ట్రాల్ మొదటి పరీక్ష 18 ఏళ్లకే చేయించుకోవాలని భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో చెప్పింది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇంకా ముందే. లైపోప్రోటీన్-ఎ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోమంది. పుట్టుకతో వచ్చే ఆ ముప్పు తిండితో మారదు, కానీ ఉందని తెలిస్తే మిగతా అంకెలను ఇంకా కిందికి తేవాలని డాక్టరుకు తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ఇంట్లో పాతికేళ్లు దాటిన ప్రతి ఒక్కరి నడుం కొలిచి, తేదీ వేసి రాసిపెట్టండి. మూడు నెలలకోసారి మళ్లీ కొలవండి. మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 దాటినవాళ్లను, వాళ్లకు ఏ బాధా లేకపోయినా, ఈ నెలలోనే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు తీసుకెళ్లండి. ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షలు మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు.